చాచా ఇచ్చిన జమానత్

నేను పాఠాలు చెప్పే బడిలో ప్రార్థన జరుగుతుండగా ఆఫీసు గదిలో ఫోన్ మోగింది. హెడ్‌మాస్టరు గారు కిటికీలోంచి నన్ను పిలిచి, "మీకేనమ్మా, వనపర్తి నుంచి" అన్నారు. అవతల చాచీ గొంతు. అందులో ఏడుపు లేదు. "మీ చాచా పోయిండు బిడ్డా. ఫజర్ నమాజు చేసి చాయ్ అడిగిండు. నేను తెచ్చేలోపల గోడకు ఒరిగిండు. నువ్వు రా" అని పెట్టేసింది.

అచ్చంపేటలో బస్సెక్కి, నాగర్‌కర్నూల్‌లో మారి, వనపర్తి చేరేదాకా నాకు ఏడుపు రాలేదు. ఒకటే ఆలోచన తిరుగుతోంది. గద్వాల అన్న కెమెరా మళ్ళీ ఆగితే ఇక ఎవరికి ఫోన్ చేస్తాడు? నాగర్‌కర్నూల్ డ్రాయింగ్ సారు ఎవరిని అడుగుతాడు? మనిషి పోయిన పూట ఇదేం ఆలోచన అని మీకు అనిపించవచ్చు. చాచాను దగ్గరగా ఎరిగినవాళ్ళకు అనిపించదు. ఆయన చివరి ఏళ్ళన్నీ ఈ ఒక్క దిగులుతోనే గడిచాయి. జ్వరం అంటుకున్నట్టు అది ఆయన దగ్గరి నుంచి నాకు అంటుకుంది.

మీరు మా వైపు వాళ్ళైతే, మీ ఇంట్లో ఆయన తీసిన ఫొటో ఒకటి ఉండే ఉంటుంది. పెళ్ళిదో, పదో తరగతి గ్రూపుదో. చూస్తే పోల్చుకోవచ్చు. గ్రూపు ఫొటోలో ఆఖరు వరుసలో నిలబడిన పిల్లవాడి చొక్కా గుండీ ఊడిపోయి ఉంటే అది కూడా కనబడుతుంది. బస్టాండు రోడ్డు మీద, ముందు స్టూడియో, వెనక ఇల్లు. ఊరంతా ఆయన్ని ఫొటో చాచా అనేది. నాకు ఉత్త చాచా.

నేను మొదటిసారి ఆయన ముందు కూర్చున్నది డిగ్రీలో చేరడానికి ఫొటో దిగాలని. మాది ఖిల్లా ఘణపూర్ పక్క పల్లె. పల్లి పండే ఎర్ర చెలక మాది. మా ఇంట్లో బడి లోపలికి పోయిన మొదటి మనిషిని నేనే. మా నాన్న నన్ను స్టూడియోలోకి పంపి, తాను చెప్పులు విడిచి గడప బయట నిలబడ్డాడు. చాచా చూసి, "లోపలికి రా అన్నా. చెప్పులేసుకొనే రా. ఇది దర్గా గాదు, దుకాణం" అన్నాడు. నాన్న నవ్వి వచ్చాడు గానీ చెప్పులు మాత్రం వేసుకోలేదు.

నేను బిగుసుకుపోయి కూర్చున్నాను. చాచా భుజం మీది తువ్వాలతో లెన్సు అద్దం కాకుండా దాని అంచు తుడుస్తూ, "ఎందుకు గట్ల బిగదీసుకున్నవ్ బిడ్డా? నేనేం సూది వేస్తలే" అన్నాడు. తర్వాత వెంటనే ఫొటో తీయలేదు. మా చెలకలో ఈసారి పల్లి ఎట్లుందని మా నాన్నను అడిగాడు. నాన్న చెప్పడం మొదలుపెట్టాడు, నేను నాన్న వైపు చూసి మళ్ళీ ముందుకు తిరిగాను. అప్పుడు నొక్కాడు. ఆ ఫొటో నా దగ్గర ఇప్పటికీ ఉంది. అందులో నేను భయపడినట్టు లేను. ఎవరి మాటో వింటున్నట్టున్నాను.

వెళ్తూ వెళ్తూ నేను అడిగాను, ఆ కెమెరా అంత పెద్దగా ఎందుకుంది అని. అదే నా బతుకు మలుపు అని అప్పుడు తెలియదు. ఆయన మొహం వెలిగిపోయింది. మా నాన్న బస్సు పోతుందని మూడుసార్లు గుర్తు చేశాడు. చాచా వినిపించుకోలేదు.

దాన్ని మీడియం ఫార్మాట్ కెమెరా అంటారు. మామూలు కెమెరాలో పడే రీలు కంటే చాలా వెడల్పైన రీలు దానికి పడుతుంది. అందుకే బొమ్మలో అంత వివరం. అసలు సంగతి అది కూడా కాదు. ఆ కెమెరా ఒక్క వస్తువు కాదు, మూడు ముక్కలు. ముందు లెన్సు, మధ్యలో పెట్టెలాంటి ఒళ్ళు, వెనక రీలు ఉండే డబ్బా. ఏ ముక్క ఆ ముక్కగా ఊడి వస్తుంది. రీలు సగంలో ఉన్నా సరే, సన్నటి రేకు ఒకటి లోపలికి తోసి ఆ డబ్బాను తీసి ఇంకో డబ్బా తగిలించవచ్చు. వెలుతురు సోకదు.

ఆ ఊడే డబ్బాల వల్లనే నాకు పని దొరికింది. మా వనపర్తిలో ముస్లిం పెళ్ళిళ్ళలో మగవాళ్ళు ఒక దిక్కు, ఆడవాళ్ళు ఒక దిక్కు, మధ్యలో పరదా. ఆడవాళ్ళ దిక్కు చాచా పోకూడదు. కొన్ని నెలల తర్వాత ఆయన మా ఊరికి వచ్చి మా నాన్నతో, "అన్నా, పరదా లోపల ఫొటో తీసే పిల్ల కావాలె. నీ బిడ్డ కెమెరాను సూసి పరుగెత్తలే, ప్రశ్న అడిగింది. నాకు సాలు" అన్నాడు.

"మా పిల్లకు కెమెరా గురించి ఏం తెల్సు?" అన్నాడు నాన్న.

"నాకు మాత్రం మా అమ్మ కడుపుల ఉన్నప్పుడు ఏం తెల్సు?"

నాన్న చాలాసేపు ఆలోచించి ఒక షరతు పెట్టాడు. చాచీ తోడు రావాలి. చాచీ వచ్చింది. ఆమెకు కెమెరా అంటే ఏ మాత్రం ఇష్టం లేదు. "నా సవతి" అనేది. అయినా ప్రతి పెళ్ళికీ సంచి ఒళ్ళో పెట్టుకొని నా పక్కన కూర్చునేది. ఆమెను చూసి ముసలమ్మలు ధైర్యంగా కొంగు సర్దుకునేవారు.

పద్ధతి ఇది. మగవాళ్ళ దిక్కు ఫొటోలు చాచా తీసేవాడు, దానికి ఒక డబ్బా. తర్వాత ఆ డబ్బా తీసేసి, కెమెరాను పరదా సందులోంచి నాకు అందించేవాడు. నా దగ్గర ఆడవాళ్ళ డబ్బా ఉండేది, ఎర్ర దారం కట్టి. అది తగిలించి నేను తీసేదాన్ని. ఆ రీలును చాచా ముట్టుకునేవాడు కాదు. చీకటి గదిలో కడగడం, ప్రింటు వేయడం నేను నేర్చుకున్నాను. నెగెటివులు కూడా చాచీ తీసుకెళ్ళి ఆ ఇంటి పెద్దామె చేతిలో పెట్టి వచ్చేది. ఊళ్ళో ఎవరి ఇంటి ఆడబిడ్డ బొమ్మ ఎవరి కంటా పడలేదు. ఈ నమ్మకం మీదనే మా స్టూడియో నడిచింది. నా డిగ్రీ ఫీజూ నడిచింది.

చాచాకు ఆ కెమెరా కంపెనీ అంటే ఉన్న నమ్మకం చూస్తే నవ్వొచ్చేది. అది సముద్రాల అవతలి కంపెనీ. పేరు ఎందుకులెండి. ఒకప్పుడు ఆయన లెన్సు ఒకటి బాగు చేయడానికి పంపితే, బాగు చేసి, పాత మూత మీద గీతలు పడ్డాయని కొత్త మూత కూడా పెట్టి పంపారట. అడక్కుండానే. ఆ మూత కథ వినని గిరాకీ వనపర్తిలో లేడు. పాస్‌పోర్టు ఫొటో దిగడానికి వచ్చినవాడు తల కదపకూడదు కదా, అందుకని వాడికి తప్పదు. "సూడు, నేనెవరో వాళ్ళకు తెల్సా? యాడనో వనపర్తిల ఒక ముసల్మాన్. మూత గీసుకపోయిందని కనిపెట్టిండ్రు. తన తాన ఉన్నోళ్ళను గట్ల సూసుకుంటది కంపెనీ" అనేవాడు.

కెమెరాతోపాటు వచ్చిన కంపెనీ క్యాటలాగు ఒకటి ఉండేది. ఇంగ్లీషులో. చాచాకు ఇంగ్లీషు రాదు. నాగర్‌కర్నూల్‌లో స్టూడియో పెట్టుకున్న రిటైర్డు డ్రాయింగ్ సారు ఒకసారి వచ్చినప్పుడు చాచా ఆయనతో చదివించుకున్నాడు. ఈరోజు కొన్న లెన్సు రేపు వచ్చే కెమెరాకూ సరిపోతుందని అందులో ఒక వాక్యం ఉంది. చాచా దాన్ని రెండోసారి చదివించుకొని, "జబాన్ ఇచ్చిండ్రు" అన్నాడట. అమ్మకం కోసం అచ్చేసిన మాటను ఆయన ఎదురుగా కూర్చొని చెయ్యి పట్టుకొని ఇచ్చిన మాటలా తీసుకున్నాడు. ఆ మాటను తన నోటితో ఇంకో ఇద్దరికి ఇచ్చాడు. ఒకరు ఆ డ్రాయింగ్ సారు. ఇంకొకరు గద్వాలలో స్టూడియో ఉన్న, మగ్గం నేసే ఇంటి నుంచి వచ్చిన మనిషి. అందరికీ గద్వాల అన్న. వాళ్ళిద్దరూ వేరే చవక కెమెరాలు కొనుక్కునేవారే. చాచా పట్టుబట్టి ఇదే కొనిపించాడు. "ఏమన్న అయితే నన్ను అడుగుండ్రి. జమానత్ నాది" అని పూచీ పడ్డాడు.

ఆ తర్వాత కొన్నేళ్ళు మూడు ఊళ్ళకు కలిపి ఒకటే కెమెరా అన్నట్టు నడిచింది. ఒకరి లెన్సు ఇంకొకరికి సరిపోతుంది కదా. దూరం నుంచి తీసే పొడుగు లెన్సు సారు దగ్గర ఉండేది. గ్రూపు ఫొటోకు పనికొచ్చే వెడల్పు లెన్సు చాచా దగ్గర. గద్వాలలో పెళ్ళి ఉంటే వెడల్పు లెన్సు తువ్వాలలో చుట్టి, స్టీలు టిఫిన్ గిన్నెలో పెట్టి, పెబ్బేరు మీదుగా పోయే బస్సు కండక్టరు చేతికి ఇచ్చేవాళ్ళం. "అన్నమా చాచా?" అని అడిగేవాడు కండక్టరు. "అన్నమే. ముగ్గురం తినేది" అనేవాడు చాచా.

తర్వాత డిజిటల్ కెమెరాల మాట మొదలైంది. హైదరాబాదు నుంచి వచ్చిన వాళ్ళు మెడలో చిన్న కెమెరాలు వేసుకొని తిరిగేవారు. చాచా కంగారు పడలేదు. కంపెనీ దీనికి కూడా ఏదో చేస్తుంది, వెనక తగిలించడానికి డిజిటల్ డబ్బా తెస్తుంది, లెన్సులు ఇవే ఉంటాయి, అన్నాడు. అప్పుడే డ్రాయింగ్ సారు డబ్బాలో పళ్ళచక్రం ఒకటి విరిగింది. రీలును సరిగ్గా ఒక బొమ్మంత ముందుకు జరిపే చక్రం అది. చాచా నన్ను వెంటబెట్టుకొని హైదరాబాదులో కంపెనీ సరుకు అమ్మే దుకాణానికి వెళ్ళాడు. ఇంగ్లీషు అవసరం పడుతుందేమోనని నన్ను. తెల్ల లాల్చీ ఇస్త్రీ చేయించుకున్నాడు. కంపెనీ పంపిన ఆ మూత కూడా జేబులో వేసుకున్నాడు, చూపించడానికి.

కౌంటరులో ఉన్న అబ్బాయి మర్యాదస్తుడే. మంచినీళ్ళు ఇచ్చాడు. చక్రం చూసి, ఈ మోడల్ విడిభాగాలు ఇక రావని చెప్పాడు. కంపెనీ కొత్త వరస మొదలుపెట్టిందట. పాత కెమెరా ఉన్నవాళ్ళకు కొత్త దాని మీద తగ్గింపు కూడా ఉందట.

"నా లెన్సులు దానికి తగులుతయా?" అని అడిగాడు చాచా.

"తగలవు సార్. దాంట్లో లెన్సు తగిలే పట్టు వేరే. లెన్సులు కూడా కొత్తవే తీసుకోవాలి."

"డబ్బాలు?"

"అవి కూడా సార్."

చాచా కాసేపు కౌంటరు అద్దం కింద వరుసగా పెట్టిన కొత్త కెమెరాలను చూశాడు. "బాబూ, కొత్తోళ్ళను పిలుచుకోనీ, తప్పులేదు. వ్యాపారం. ముందు నుంచి ఉన్నోళ్ళ సంగతి ఏం చేసిండ్రు?" అన్నాడు.

ఆ అబ్బాయి తడబడి, "అందుకే కదా సార్ తగ్గింపు" అన్నాడు.

"ఇన్నేండ్లు మీ తాన ఉన్నందుకా, మల్ల మొదటి నుంచి మొదలువెట్టమంటున్నందుకా?"

చాచా జేబులోంచి మూత తీయలేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో జడ్చర్ల దాటేదాకా ఆ విరిగిన చక్రాన్ని వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. నేను ఆయన తన కెమెరా గురించి బాధపడుతున్నాడనుకున్నాను. "మన దగ్గర ఇంకా మూడు డబ్బాలున్నాయి కదా చాచా, మనకు కొన్నేళ్ళు నడుస్తుంది" అన్నాను.

"మనకు గాదు బిడ్డా. ఆ ఇద్దరికి ఏం జెప్పాలె?" అన్నాడు.

దాచిపెట్టే మనిషైతే ఏదో ఒకటి చెప్పి గడిపేవాడు. ఆయన ఆ ఆదివారమే ఇద్దర్నీ స్టూడియోకు పిలిచాడు. చాచీ చాయ్ పెట్టింది. చాచా నిలబడే చెప్పాడు, గిరాకీ ముందు నిలబడినట్టు. గద్వాల అన్నకు కోపం వచ్చింది. "మా ఇంట్ల మగ్గం మా తాతది. దాని మీద మా నాయన నేసిండు, నేను నేసిన. విరిగిన కట్టె ఏ వడ్లాయనైనా చెక్కిస్తడు. ఇదేం వస్తువు భాయ్, చేసినోడే నాది గాదంటే?" అన్నాడు. తర్వాత చాచా మొహం చూసి కొంచెం తగ్గి, "నువ్వు చెప్పకపోతే నేను ఆ చవక కెమెరా కొని, ఈపాటికి దాన్ని కూడ పారేసేటోన్ని. గంతే ఫరక్" అని నవ్వడానికి చూశాడు. క్యాటలాగు చదివి అర్థం చెప్పింది తానే కదా అని డ్రాయింగ్ సారు తల వంచుకొని కూర్చున్నాడు.

"సారూ, నువ్వు చదివినవ్. నమ్మింది నేను. జమానత్ కంపెనీ ఇయ్యలే మీకు, నేనిచ్చిన" అన్నాడు చాచా. లేచి వెళ్ళి, తన మూడో డబ్బా తెచ్చి, గల్లా మీద పరిచిన తువ్వాల మీద స్క్రూలు విప్పాడు. మంచి చక్రం తీసి సారు డబ్బాలో వేశాడు. సారు వద్దు వద్దంటూనే ఉన్నాడు. చాచీ లోపలి నుంచి, "ఇయ్యనీ సారూ. నా సవతి ఒక్క చెయ్యి పోయింది, నాకే మంచిదాయె" అంది. ఆ పూట అందరమూ నవ్వింది ఆ ఒక్కసారే.

అక్కడి నుంచి నా భయం మొదలైంది. ఒక ఏడాదికి గద్వాల అన్న చక్రం అరిగింది. చాచా తన మగవాళ్ళ డబ్బాలోని మంచి చక్రం తీసి అన్నకిచ్చి, అన్న అరిగిన చక్రాన్ని తన డబ్బాలో పెట్టుకున్నాడు. నాకు చెప్పలేదు. వనపర్తిలోనే ఒక పెళ్ళికి పోయి వచ్చాక, ఆయన కడిగిన రీలు ఆరేసి ఉంటే చూశాను. బొమ్మలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. నికాహ్ ఒప్పుకుంటూ తల వంచిన పెళ్ళికొడుకు మొహం మీదికి పక్క బొమ్మలోని బిర్యానీ దేక్సా సగం వచ్చింది.

నాకు ఏడుపొచ్చింది. "మంచిది వాళ్ళకిచ్చి అరిగింది మనం పెట్టుకుంటామా చాచా? రేపు ఆడవాళ్ళ డబ్బా కూడా ఇట్లాగే అయితే? ఆ ఇళ్ళల్లో నేనేం చెప్పాలి?" అని అరిచాను. ఆయన మీద గొంతు లేపింది ఆ ఒక్కసారే.

"కూసో" అన్నాడు. "మన కెమెరా ఆగితే నేను నన్ను తిట్టుకుంట. అలవాటే. వాళ్ళ కెమెరా ఆగితే వాళ్ళు నన్ను తిట్టరు. గది ఎట్ల తట్టుకోవాలె జెప్పు?"

ఆ దేక్సా ఫొటో తీసుకొని పెళ్ళివారింటికి తానే పోయాడు. నేను వీధి చివర నిలబడ్డాను. పెళ్ళికొడుకు తండ్రి వాకిట్లోనే అందుకున్నాడు. "ఏం భాయ్, మా పిల్లగాడు నికాహ్ పిల్లతోని చేసుకున్నడా, దేక్సాతోనా?" పక్కనున్న వాళ్ళు పగలబడి నవ్వారు. చాచా చేతులు కట్టుకొని, "గలతీ నాదే. పిల్లగాన్ని, పిల్లను స్టూడియోకు తోలుండ్రి. తండ్రివి నువ్వు గూడ రా. మల్ల తీస్త" అన్నాడు. వాళ్ళు వచ్చారు. ఆ పెళ్ళికొడుకు తండ్రి కూడా టోపీ సర్దుకొని దిగాడు. మూత కథ విన్నాడు కూడా. అయితే ఇప్పుడు ఆ కథ చివర చాచా "తన తాన ఉన్నోళ్ళను గట్ల సూసుకుంటది కంపెనీ" అనేవాడు కాదు. "గట్ల సూసుకున్నరు ఒకప్పుడు" అని ఆపేసేవాడు.

ఆ తర్వాత మగవాళ్ళ దిక్కుకు ఆయన చిన్న డిజిటల్ కెమెరా కొన్నాడు. డిజిటల్ మీద ఆయనకు పగ లేదు. "గది గూడ కెమెరానే. గది గూడ కండ్లు తెరిచి సూస్తది" అనేవాడు. పెద్ద కెమెరా పూర్తిగా పరదా లోపలికి వచ్చేసింది, ఎర్ర దారం డబ్బాతో. "ఆడోళ్ళకు అసలు కెమెరా, మగోళ్ళకు ఆటబొమ్మనా?" అని పెళ్ళిళ్ళలో ఎకసెక్కాలాడేవారు. డిజిటల్ బొమ్మ ఎవరి ఫోనులోకైనా, ఎవరి కంప్యూటరులోకైనా పోతుందని ముసలమ్మలకు ఎవరో చెప్పారు. అందుకే వాళ్ళు నా చేతిలో ఏ కెమెరా ఉందో చూశాకే ముసుగు తీసేవారు. మగవాళ్ళ డబ్బా ముక్కలు ముక్కలుగా గద్వాలకూ నాగర్‌కర్నూల్‌కూ పోయింది. ఒక స్ప్రింగు, ఒక స్క్రూ, చివరికి సన్నటి రేకు. టిఫిన్ గిన్నెలో కండక్టరు చేతికి. ఆడవాళ్ళ డబ్బాను మాత్రం చాచా ముట్టుకోలేదు. అది తనది కాదన్నట్టే ఉండేవాడు.

నాకు అచ్చంపేటలో ప్రైవేటు బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. ఆదివారాలు పెళ్ళిళ్ళుంటే వచ్చేదాన్ని. ప్రతిసారీ, రీలు తిప్పే పిడి చేతికి ఎట్లా తగులుతుందోనని ముందు రోజు నుంచే నాకు గుబులు. చక్రానికి ఒక బుడిపె పెరిగినట్టో, ఒక పన్ను తగ్గినట్టో అనిపించేది. చాచా నన్ను గమనించేవాడు. "పరేషాన్ గాకు. వినుకుంట తిప్పు" అనేవాడు. ఆ మాట ఒక్కటే నాకు ఆయన నేర్పిన పాఠం అని చెప్పుకుంటాను. బడిలో పిల్లలకు పలక మీద రాయించేటప్పుడు కూడా అదే వస్తుంది నోటికి, వినుకుంట రాయి అని.

చాచా పోయిన మూడో నాడు, జియారత్‌కు, గద్వాల అన్న, డ్రాయింగ్ సారు ఇద్దరూ వచ్చారు. ఫాతిహా అయ్యాక బయట కుర్చీల్లో కూర్చున్నారు. కెమెరా మాట ఎవరూ ఎత్తలేదు. సారు పోతూ పోతూ నా తల మీద చెయ్యి పెట్టి, "బిడ్డా, ఆ వాక్యం నేను చదవకపోతే బాగుండు" అన్నాడు. "ఆయనకు ఆ వాక్యం చాలా ఇష్టం సార్" అన్నాను. నిజమే అది.

ఆ తర్వాత ఒక వారం గడిచిందో లేదో, గద్వాల అన్న బడికి ఫోన్ చేశాడు. ఊరికే చేశానన్నాడు. చాచీ ఎట్లుందన్నాడు. శుక్రవారం తమ ఊళ్ళో పెద్ద పెళ్ళి ఉందన్నాడు. మంచి కుటుంబం, ఆడవాళ్ళ దిక్కు కూడా ఫొటోలు కావాలన్నారట, నిన్ను రమ్మనమన్నారు, అన్నాడు. "ఏం లేదమ్మా, డబ్బా పట్టేసింది. పిడి తిరుగుతలేదు. ఊరికే చెప్తున్న. నువ్వేం జేస్తవ్ గానీ" అని పెట్టేశాడు.

ఆయన తిట్టలేదు. చాచా భయపడింది సరిగ్గా దీనికే.

గురువారం నాడు సెలవు పెట్టి వనపర్తి వచ్చాను. దారంతా ఎట్లా అడగాలా అని. మిగిలింది ఒక్కటే డబ్బా. అది ఇచ్చేస్తే చాచా కెమెరా ఇక ఎప్పటికీ బొమ్మ తీయదు. నేను స్టూడియోలోకి పోయేసరికి చాచీ గల్లా వెనక కూర్చొని ఉంది. గోడకు కొత్త అద్దాల అల్మారా. కెమెరా గల్లా మీద ఉంది, నిండుగా, మూడు ముక్కలతో.

"మా బిడ్డ, అల్లుడు తెచ్చిండ్రు" అంది చాచీ అల్మారా చూపించి. "నిషానీ అంట, ఆయన గుర్తు. సూసుకుంట కూసోవాల్నంట."

గద్వాల అన్న ఫోన్ సంగతి చెప్పాను. డబ్బా పట్టేసిందని చెప్పాను. అక్కడే ఆగిపోయాను. ఆమె కెమెరా వైపు చూసింది, ఎర్ర దారం వైపు చూసింది.

"నిండుగుంటెనే నిషానీ అని అల్లుడంటడు" అంది. "నిండుగ ఎన్నడుండె ఈయన కెమెరా? నేను కాపురానికొచ్చినప్పటి సంది ఏదో ఒక ముక్క బస్సులనే ఉండె. తీస్కపో."

"ఇది ఆడవాళ్ళ డబ్బా చాచీ."

"ఆడోళ్ళ తాన్కే గదా పోయేది. నువ్వు పోతలేవా?"

"దీని తర్వాత ఇంకేం మిగల్లేదు. ఇది కూడా ఆగితే?"

"ఏమో. తెల్వదు" అంది చాచీ. "ఆయనకు గూడ తెల్వకుండె. ఇచ్చుకుంట పోయిండు."

సన్నటి రేకు లోపలికి తోసి, మీట నొక్కాను. డబ్బా చేతిలోకి వచ్చింది. ఆమె లేచి లోపలి నుంచి తన పాత దుపట్టా తెచ్చి దాన్ని చుట్టింది. డబ్బా ఊడిన కెమెరాను అల్మారాలో పెడదామని ఎత్తబోయింది. ఏ వేలు ఎక్కడ తగిలిందో, దాని నెత్తి మీద, బొమ్మ చూసుకునే చోటి మడత మూత టక్కున తెరుచుకుంది. ఆమె తల వంచి లోపలికి చూసింది. ఇన్నేళ్ళలో అందులోకి చూడటం ఆమెకు అదే మొదలు.

"ఓయ్, డబ్బా లేకున్న ఇంక కనవడుతుందే" అంది.

లోపల చిన్న గాజు పలక మీద బస్టాండు రోడ్డు కదులుతోంది. ఆ పలకలో కుడి ఎడమ, ఎడమ కుడి అవుతాయి. అటు పోయే సైకిలు ఇటు వస్తోంది. "గద్వాల బస్సు ఉల్టా వస్తుంది సూడు" అంది నవ్వుతూ. బస్సు వచ్చిందంటే నేను పరుగెత్తాలి. దుపట్టా మూట గుండెకు పట్టుకొని రోడ్డు దాటాను. ఎక్కి కిటికీ పక్కన కూర్చొని వెనక్కి చూశాను. చాచీ గల్లా మీద వంగి, రెండు చేతులతో ఆ కెమెరాను పట్టుకొని, ఇంకా అందులోకే చూస్తోంది. బస్సు కదిలింది. గాజు పలకలో ఉల్టా పోతున్న మా బస్సు వెంట, ఆమె తల నెమ్మదిగా మేము పోతున్న వైపుకు ఎదురు వైపు తిరుగుతోంది.